వెలుతురు పంపకము



ఇబ్రహీంపట్నము ప్రాంతమున నేను చూచిన కొన్ని బడిగదులలో పట్టపగలే కిటికీలు మూసి, విద్యుద్దీపములు వెలిగించి పాఠములు చెప్పుచున్నారు. కారణమడుగగా, కిటికీ వెలుగు కండ్లలో కొట్టి, నల్లబల్లమీది యక్షరములు పిల్లలకు కనబడుట లేదనిరి. వెలుతురుకై పెట్టించిన కిటికీని వెలుతురుకు జడిసి మూయవలసి వచ్చినది!

కండ్లు మిరుమిట్లు గొలుపునది వెలుతురు హెచ్చగుట మాత్రమే కాదు. దాని పంపకము చెడుట. చీకటిగోడ నడుమ కిటికీ యొక్కటే వెలుగుచుండగా, కన్ను ఆ వెలుగునకు తగినట్లు పాపను కుదించుకొనును. అప్పుడు ప్రక్కనున్న పలక మసకగా తోచును. మన పెద్దచెరువు సంగతి మీరెరుగుదురు. తూమునీరంతయు ఒక్క మడిమీదనే పడిన గట్టు తెగును. కాలువలుగా పంచిన అదే నీరు ఆయకట్టును పండించును. వెలుతురునకును అదే న్యాయము.

మనము భూమధ్యరేఖకు ఉత్తరమున సుమారు 17 డిగ్రీల యక్షాంశమున నున్నాము. డిసెంబరు మధ్యాహ్నమునందును సూర్యుడు సుమారు 50 డిగ్రీల యెత్తున నుండును; ఆ దక్షిణపుటెండను చూరుగాని సజ్జాగాని అడ్డగించును. సాయంకాలపు పడమటి యెండ వాలుగా వచ్చును గావున సజ్జాకు లొంగదు. ఉత్తరపు కిటికీ వెలుగు ఏడాదిలో చాలభాగము నిలకడగా నుండును. కావున క్రొత్తగది కట్టునపుడు ఉత్తరదక్షిణములకు ఎదురెదురుగా కిటికీలు పెట్టవలెను.

పాతగదులకును ఉపాయములు గలవు. కిటికీయున్న గోడకును, పైకప్పునకును ముందుగా తెల్లసున్నము వేయించుడు. గోడ తెల్లబడినకొలది కిటికీతో దాని భేదము తగ్గును. పడమటి కిటికీకి వెదురుతడిక వ్రేలాడదీయుడు. నల్లబల్లను కిటికీ ప్రక్కన నుంచకుడు. కుడిచేత వ్రాయు పిల్లలకు వెలుగు ఎడమవైపునుండి వచ్చినచో చేతినీడ వ్రాతపై పడదు. కప్పులోని అద్దపు పెంకు క్రింద పలుచని తెల్లగుడ్డ కట్టినచో ఎండ ఒకచోటనే పడక గదియంతట పరచుకొనును.

ఇవి పల్లెటూరి ఉపాయములని చులకన చేయవలదు. హైదరాబాదులో 2004వ సంవత్సరమున రాష్ట్రపతి అబ్దుల్ కలాముగారు ప్రారంభించిన గోద్రెజ్ గ్రీన్ బిజినెస్ సెంటరును నడుమ ముంగిలితోను, జాలీగోడలతోను కట్టిరి. మన మండువాయిండ్లకు అది చుట్టమే.

మరియొక మాట. కంటిలో శుక్లము పెరుగుచున్న వృద్ధులకు ఈ బాధ మరింత హెచ్చు. శుక్లము వెలుగును చెదరగొట్టును. ఎదుట కిటికీ మెరయుచుండగా గడప కనబడక కాలు తడబడును. కావున ఇది పిల్లల పని మాత్రమే కాదు, మన పనియు.

రాబోవు పండుగకు ఇండ్లకు సున్నములు వేయునపుడు బడిగదిని మరువకుడు. కిటికీ మూయుటకు ముందు గోడ తెలుపు చేసి చూడుడు.

సెలవు.