ఫోనులో బిడ్డకు ఆపద: పంచాయతీ సభ్యుల విధి
(ప్రసంగ పాఠము)



మన అనంతపురము వానకు మొగము వాచిన సీమ. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వర్షమే మనకు ఆధారము. అదియు తప్పిన యేట వేరుసెనగ చేలు ఎండును. పెద్దలు కూలికై బెంగుళూరు పోవుదురు. పిల్లలు అవ్వతాతల యొద్ద నిలుతురు. తల్లిదండ్రుల మాట వినుటకు ఇంట నొక ఫోను ఉండును. బిడ్డకు తల్లిని దగ్గర చేయు ఆ ఫోనే, ముక్కు మొగము తెలియని దుర్మార్గునికి సైతము త్రోవ యగుచున్నది.

ఒక సందర్భమును ఊహింపుడు. తొమ్మిదవ తరగతి బాలికతో ఎవడో ఫోనులో స్నేహము నటించి, ఆమె ఫోటోను సంపాదించి, దానిని అసభ్యముగా మార్చి, “నేను చెప్పినట్లు వినకున్న ఊరందరికి పంపెదను” అని బెదరించుచున్నాడు. బాలిక అన్నము మానినది, బడి మానినది. తుదకు అవ్వతో చెప్పుకొనినది. అవ్వ మీ గడప త్రొక్కినది. మీరేమి చేయుదురు?

“గుట్టుగా నుంచుదము, ఫోను పగులగొట్టుదము, పిల్లకు చదువు మాన్పుదము” అను సలహా మన పల్లెలలో క్రొత్త కాదు. ఇందువలన శిక్ష పడునది బాలికకు, తప్పించుకొనునది నేరస్థుడు. ఇది రచ్చబండపై తీర్చదగిన తగవు కాదు. 2012 నాటి పోక్సో చట్టము 19వ సెక్షను ప్రకారము, 18 ఏండ్లలోపు బిడ్డపై ఇట్టి నేరము జరిగినదని తెలిసిన ప్రతి వ్యక్తియు పోలీసులకు తెలుపవలెను. తెలిసియు తెలుపనివారికి ఆరు నెలలవరకు జైలు గాని, జరిమానా గాని, రెండును గాని విధింపవచ్చును. సదుద్దేశముతో తెలిపినవారికి చట్టము రక్షణ నిచ్చుచున్నది.

మొదట బిడ్డకు ధైర్యము చెప్పుడు, నిందింపకుడు. ఫోనులోని సందేశములను చెరుపవలదు. బెదరించిన వాని నంబరు, ఖాతా పేరు, తేదీ, వేళ కాగితముపై వ్రాసికొనుడు. సాక్ష్యమను పేర ఆ ఫోటోను మరియొకరికి పంపవలదు, అదియు నేరమే.

పిమ్మట పోలీసు స్టేషనునకు పొండు. నేరస్థుడు ఏ రాష్ట్రమున నున్నను సరే, మన స్టేషనులోనే ఫిర్యాదు చేయవచ్చును. 2024 జూలై 1 నుండి అమలులో నున్న భారతీయ నాగరిక సురక్షా సంహిత 173వ సెక్షను ఇట్లు చెప్పుచున్నది. కావున బెంగుళూరులోని తండ్రి అచ్చటనే ఫిర్యాదు చేసినను చెల్లును. ఎఫ్.ఐ.ఆర్. ప్రతిని ఉచితముగా నడిగి పుచ్చుకొనుడు. స్టేషనులో తీసికొనకున్న, జిల్లా ఎస్.పి.కి వ్రాతమూలముగా పోస్టులో పంపుడు. బాలల సహాయమునకు 1098, అత్యవసరమునకు 112, సైబరు నేరములకు 1930 నంబర్లు కలవు.

“ఆడపిల్లను స్టేషను మెట్లెక్కించుటయా?” అని అవ్వ వెనుదీయవచ్చును. ఆమెకు ఇట్లు చెప్పుడు: బిడ్డ వాఙ్మూలమును ఇంటియొద్దనే తీసికొనవచ్చును. సాధ్యమైనంతవరకు ఎస్.ఐ. హోదాకు తగ్గని మహిళాధికారి, యూనిఫారము లేకుండ వచ్చి వ్రాసికొనవలెను. రాత్రివేళ బిడ్డను స్టేషనులో నుంచరాదు. బిడ్డ పేరుగాని, ఇల్లుగాని, బడిగాని పత్రికలలో వెల్లడి చేయుట నేరము. మీరును ఆ పేరును సభలో నెత్తకుడు.

సభ్యులారా! బిడ్డ నోరు తెరచి చెప్పుటయే కష్టము. చెప్పిన దినమున ఊరు ఆమె పక్షమున నిలిచినచో, మరునాడు ఆమె మరల బడికి పోవును. ఆ దినమున అవ్వకు తోడుగా స్టేషనువరకు నడచువారు మీలో నొకరు కావలెనని నా విన్నపము.