గిన్నెలోని రసము



ఒక ఆదివారము మా సంఘములో ప్రభుబల్ల ఆచరించుచుండగా ఒక సహోదరుడు గిన్నెను పెదవులదాకా తీసుకొని, త్రాగకుండానే క్రింద పెట్టేశాడు. ఆయన ఎన్నో ఏండ్లు త్రాగుడుకు బానిసగా ఉండి విడుదల పొందినవాడు. ఆరాధన అయ్యాక నా దగ్గరకు వచ్చి, "అయ్యగారూ, ఇందులో ఆ వాసన ఉందండీ" అన్నాడు. నేను నమ్మలేదు. మిగిలినది రుచి చూస్తే నాలుక మీద చురుక్కుమంది. నల్ల ద్రాక్షలు పిండి, మూతపెట్టి ఉంచింది గురువారము, మా ఇంట్లోనే. మార్చి నెలాఖరు ఎండలు. సిద్ధపరచినవారిది కాదు తప్పు, ఎలా ఉంచాలో చెప్పని నాది.

అసలు ద్రాక్షారసము ఎలా అవుతుంది? కల్లు గీసే ఊళ్లవారికి ఇది వేరే చెప్పనక్కరలేదు. తెల్లవారుజామున దింపినప్పుడు తియ్యగా ఉన్నది మధ్యాహ్నానికి నురగ కట్టి ఘాటెక్కుతుంది. అందులో మత్తు ఎవరూ కలపరు. ద్రాక్ష కూడా అంతే. తొక్క మీద, పాత్రల మీద కంటికి కనబడని ఈస్టు ఉంటుంది. పండు చిదిమితే అది తీపిని తిని ఆల్కహాలుగాను, బొగ్గుపులుసు వాయువుగాను మారుస్తుంది. బాగా పండిన ద్రాక్షరసములో ఐదవ వంతు చక్కెరే. అదంతా పులిస్తే నూటికి 11, 12 వంతులు ఆల్కహాలు అవుతుంది. తరువాత గాలి తగలనిస్తే చిరకగా మారుతుంది. ఎరుపు రంగు తొక్కది. చాలా నల్ల ద్రాక్షలలో లోపలి రసము రంగులేనిదే.

యూదయలో బండను తొలిచి ఒకదానికంటె ఒకటి పల్లముగా తొట్లు చేసేవారు. పైతొట్టిలో పండ్లను కాళ్లతో త్రొక్కితే రసము క్రిందిదానిలోనికి దిగేది. గిద్యోను గోధుమలు దుళ్లగొట్టింది అటువంటి గానుగ చాటుననే (న్యాయాధిపతులు 6:11). పులిసేటప్పుడు పుట్టే వాయువుకు సాగలేకనే పాత తిత్తులు పిగిలిపోతాయి (మత్తయి 9:17). ఆ మాట విన్నవారు ఇండ్లలో చూచినదే అది!

ద్రాక్షకోత ఎండాకాలపు చివర, పస్కా వసంతములో. మధ్యలో ఆరేడు నెలలు. కాబట్టి ఆ రాత్రి గిన్నెలో ఉన్నది పులిసినదేనని నా అభిప్రాయము. నీళ్లు కలిపి త్రాగుట యూదుల వాడుక. దీనిని ఒప్పుకొనని బోధకులున్నారు, వారితో నాకు తగవు లేదు.

పులియకుండా నిలువచేయుట చాలా తరువాత వచ్చింది. అమెరికాలోని వైన్‌ల్యాండ్ పట్టణములో థామస్ వెల్చ్ అనే పళ్ల డాక్టరు 1869లో, లూయీ పాశ్చర్ కనుగొన్న పద్ధతిని అనుసరించి, సీసాలలో పోసిన రసమును మరిగే నీటిలో కాచాడు. ఈస్టు చచ్చింది, రసము తియ్యగానే నిలిచింది. ఆయన మెథడిస్టు సంఘస్థుడు, ప్రభుబల్ల కొరకే ఆ ప్రయత్నము చేశాడు.

గిన్నె సిద్ధపరచే తల్లులారా, పెద్దలారా, రసము పిండిన వెంటనే మరిగించండి. వేడినీటితో కడిగిన సీసాలో, వేడిగా ఉన్నప్పుడే మూత బిగించండి. శనివారము సాయంత్రము చేసుకుంటే చాలు, ముందే చేసి ఉంచవద్దు. నురగ గాని, చురుకు గాని కనబడితే మొహమాటపడక పారబోయండి.

మా సంఘములో ఇప్పుడు శనివారము సాయంత్రము ఆ పొయ్యి దగ్గర నిలబడేది ఆ సహోదరుడే.