పిల్లి పళ్లెరములో ఎండు పలుకులు



పిల్లి తిండిని గూర్చి ఆకాశవాణిలో ప్రసంగమా యని మీలో కొందరు నవ్వుకొనవచ్చును. కొన్నియేండ్ల క్రిందట ఎవరైన నాతో ఈ మాట యనియుండినచో నేనును నవ్వియే యుందును. మా తండ్రిగారి కాలము నుండి మా యింట పిల్లి లేని దినము లేదు. ధాన్యపు గాదె యున్నచోట ఎలుక యుండును. ఎలుక యున్నచోట పిల్లి యుండును. దానికి మేము పెట్టినది రాత్రి మిగిలిన పెరుగన్నము. శనివారము రాత్రి మాకు అన్నము లేదు గనుక దానికిని లేదు. అయినను ఆ పిల్లులు నిగనిగలాడుచు తిరిగెడివి. పెరుగన్నముతో పిల్లి బ్రదుకునని నేను అరువదియేండ్లు నమ్మితిని. అవి బ్రదికినది పెరుగన్నముతో గాదు, గాదె క్రింది ఎలుకలతో. ఈ సంగతి నాకు ఒక పట్టణపు పిల్లి వలన తెలిసినది.

2024 జూన్ మాసమున నా మనుమరాలు పై చదువునకు విదేశమునకు పోవుచు తన గండుపిల్లిని మా యింట విడిచినది. దాని పేరు సింబా; మా యింటిది దానిని సింబయ్య యని పిలుచును. అది నాలుగు కిలోల బరువు గల జంతువు. చిన్ననాడే శస్త్రము చేయించినందున వీథులు తిరుగు అలవాటు లేదు, ఎలుకను చూచి ప్రక్కకు తప్పుకొనును. మనుమరాలు ఒక కాగితము వ్రాసి నా చేతికిచ్చినది. దినమునకు 120 గ్రాముల తడి ఆహారము, అనగా పొట్లములలో వచ్చు రసముతో గూడిన మాంసపు ముద్ద; దానితోపాటు ఎముక లేని పచ్చి కోడిమాంసము 100 గ్రాములు. "తాతయ్యా, అన్నం పెట్టకు, పాలు పోయకు" అని రెండు మారులు చెప్పినది. పాలు పోయకుండ పిల్లిని పెంచుట యెట్లో మా యింటిదానికి నేటికిని బోధపడలేదు. ఎదిగిన పిల్లులు పెక్కింటికి పాలలోని చక్కెర అరుగదనియు, వాటికి విరేచనములగుననియు పిమ్మట మేము కండ్లార చూచితిమి.

పిల్లి శాకాహారముతో బ్రదుకలేని జంతువు. కుక్క కొంత వరకు మనవలె అన్నియు తిని నెట్టుకొని రాగలదు. పిల్లి దేహము అట్టిది కాదు. క్యారెట్టులోను ఆకుకూరలలోను ఉన్న పసుపుపచ్చని పదార్థమును మన దేహము 'ఏ' విటమినుగా మార్చుకొనును, పిల్లి మార్చుకొనలేదు. టారిన్ అను మరియొక పదార్థమును అది తనకు చాలినంత తయారుచేసికొనజాలదు. 1827లో జర్మను శాస్త్రజ్ఞులు ఎద్దు పిత్తమునుండి దానిని వేరుచేసిరి గనుక వృషభమునకు లాటిన్ భాషలోనున్న పేరే దానికి వచ్చినది. మాంసములో, ముఖ్యముగా గుండెకాయలో, అది పుష్కలముగా నుండును. 1987లో అమెరికాలో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు డేవిస్ శాఖలో పాల్ పయన్ అను పశువైద్యుడును ఆయన సహచరులును ఒక సంగతి కనుగొనిరి. అంగడిలో కొన్న తిండి తిను పిల్లులు కొన్ని గుండె ఉబ్బి చనిపోవుచుండెను. టారిన్ చాలకపోవుటయే అందులకు కారణము. దానిని చేర్చి పెట్టగా పెక్కు పిల్లులు కోలుకొనెను. అప్పటినుండి తయారుచేయువారు దానిని హెచ్చుగా కలుపుచున్నారు.

కావున పచ్చి మాంసమే శ్రేష్ఠమని తోచును. నా మనుమరాలు అట్లే తలచినది. కాని ఎముక లేని మాంసమొక్కటే తిన్న పిల్లికి సున్నము చాలదు. ఎలుకను తిన్న పిల్లి ఎముకతో సహా తినును. ఒలిచి కోసిన ముక్కలలో ఆ యెముక యెక్కడిది? పిల్లి కూనలకు వట్టి మాంసమే పెట్టినచో కాళ్లు వంకరపోయి ఎముకలు విరుగును. కొందరు ప్రేమతో దినదినము కాలేయమే పెట్టుదురు. అప్పుడు 'ఏ' విటమిను మితిమీరి వెన్నెముక బిగిసిపోవును. సింబయ్యకు పొట్లపు తిండి కొంత సర్దుచుండెను గాని, మాంసము పాలు హెచ్చినకొలది ఆ లోపమును హెచ్చును.

ఇట్లుండగా 2025 ఫిబ్రవరిలో మా గోదావరి జిల్లాలలో కోళ్లకు పక్షి జ్వరము సోకినది. కోళ్లను గుంటలలో పాతిపెట్టిరి. మా ఊరి మాంసపు దుకాణము మూతపడినది. ఆ దినములలోనే మధ్యప్రదేశములోని ఛింద్వాడాలో పెంపుడు పిల్లులకు సైతము ఆ జ్వరము వచ్చినదని వార్త వచ్చినది. అంతకు ముందు 2024 డిసెంబరులో అమెరికాలోని ఆరిగాన్ రాష్ట్రమున పచ్చి మాంసముతో చేసిన పిల్లి తిండి తిని ఒక పిల్లి ఆ జ్వరముతోనే చనిపోయినది. ఇది విన్న పిమ్మట పచ్చి మాంసము ముట్టుటకు నాకు చేతులు రాలేదు. పట్నము పోయి ఎండు తిండి సంచి యొకటి తెచ్చితిని.

దీనిని దుకాణములో 'డ్రై ఫుడ్' అందురు. గుళికలవలె నుండును, కాని గుళికలనగానే మన రైతులకు చేనిలో చల్లు పురుగుమందు తలపునకు వచ్చును గాన నేను పలుకులనియే యందును. మాంసపు పిండిని, ధాన్యపు పిండిని, క్రొవ్వును, విటమినులను కలిపి, ఆవిరితో ఉడికించి, చిల్లుల గుండ జంతికలవలె ఒత్తి, కోసి, ఆరబెట్టుదురు. దుకాణదారుడు కుక్కల తిండి చూపి "ఇదీ అదీ ఒకటేనండీ" అనెను. ఒకటి కాదు. కుక్క టారిన్‌ను చాలవరకు తానే చేసికొనును గనుక దాని తిండిలో పిల్లికి చాలినంత ఉండదు. పిల్లులకని వ్రాసియుండి, అది సంపూర్ణాహారమని సంచిమీద స్పష్టముగ నున్నదే కొనవలెను. ఇంతవరకు నేను సరిగనే చేసితిని.

తప్పు ఇంటికి వచ్చిన పిమ్మట చేసితిని. ఒక్క దినములో పాత తిండి యంతయు మాన్పి, పళ్లెరము నిండ పలుకులు పోసి, తినినంత తిననిమ్మని విడిచితిని. మూడు దినములు అది వాంతులు చేసికొనెను. తరువాత అలవాటుపడినది, ఎంత అలవాటుపడినదనగా రెండు నెలలలో అరకిలో పైన బరువెక్కినది. చూచువారు బాగున్నదనిరి. నాకును సంతోషమే. తడి తిండి వాసన లేదు, ప్రొద్దుట మాంసమునకు పోవు పని లేదు, ఖర్చును తక్కువ.

ఏప్రిల్ నెల, ఎండలు ముదురుచుండెను. ఒకనాటి సాయంకాలము సింబయ్య ఇసుక తొట్టిలో కూర్చుండి ముక్కుచు, లేచి నాలుగడుగులు వేసి, మరల పోయి కూర్చుండెను. మలబద్ధమనుకొని మా యింటిది నెయ్యి నాకించినది. పొరుగాయన జ్వరపు మాత్రలో అర విరిచి వేయుమనెను. ఏమనుకొంటినో గాని వేయలేదు; పారసిటమాల్ మాత్ర యొక్కటియే పిల్లి ప్రాణము తీయునని తరువాత విని నా యొడలు జలదరించినది. తెల్లవారుసరికి అది నీళ్లు ముట్టక, వాంతి చేసికొని, గోడమూల పడియుండెను. పొట్ట క్రింద తడవగా బత్తాయికాయవలె గట్టిగా చేతికి తగిలినది. గంపలో పెట్టుకొని, పైన గుడ్డ కట్టి, పట్నములోని పశువైద్యుని యొద్దకు పోతిని.

ఆయన తడవి చూచి, "మాస్టారూ, మూత్రం బంధించిపోయింది. రేపటి దాకా ఆగితే మీరు దీన్ని ఇక్కడికి తెచ్చేవారు కారు" అనెను. మగపిల్లి మూత్రనాళము మిక్కిలి సన్నమట. ఇసుక రేణువులవంటి స్ఫటికములును జిగురును చేరి అది మూసికొనిపోవును. విషము రక్తములోనికెక్కి రెండు మూడు దినములలో ప్రాణము పోవును. మత్తిచ్చి సన్నని గొట్టము పెట్టి తీసిరి. మూడు దినములు అక్కడనే యుంచవలసి వచ్చినది. విదేశములోనున్న పిల్లకు ఏమని చెప్పుదునాయని ఆ మూడు రాత్రులు నాకు నిదుర లేదు. నాలుగవనాడు చెప్పితిని. చాలసేపు మాటాడలేదు, తరువాత "నీళ్లు పెడుతున్నావా తాతయ్యా?" అని మాత్రమడిగినది.

వైద్యుడును అదే యడిగియుండెను. దినమునకు ఎన్ని నీళ్లు త్రాగుచున్నదని. నా చేనికి ఏ మడికి ఎన్ని తడులు పెట్టితినో నేను చెప్పగలను. ఇంటిలోని జంతువు ఎన్ని నీళ్లు త్రాగుచున్నదో చెప్పలేకపోతిని.

ఆ రాత్రి కూర్చుండి లెక్క వేసితిని. నాలుగు కిలోల పిల్లికి తిండితోను త్రాగుటతోను కలిపి దినమునకు సుమారు 200 మిల్లీలీటర్ల నీరు కావలెను. మనుమరాలు చెప్పిన తడి తిండిలోను మాంసములోను నాలుగింట మూడు పాళ్లు నీరే. అనగా అది గిన్నె ముట్టకయే 165 గ్రాముల నీరు తినుచుండెను. ఎండు పలుకులలో నూటికి పది పాళ్లకు మించి నీరుండదు. దినమునకు కావలసిన 60 గ్రాముల పలుకులలో వచ్చునది 6 గ్రాములు. మిగిలినది త్రాగి పూరించుకొనవలెను గదా యందురేమో. పిల్లి అట్లు చేయదు. మన పిల్లుల పూర్వులు ఆఫ్రికా, పశ్చిమాసియా దేశముల యెడారి ప్రాంతపు అడవిపిల్లులు. వేటలోని నీటితోనే కాలము గడపినవి. ఎండు తిండి తిను పిల్లి హెచ్చుగా త్రాగును గాని, మొత్తము మీద తడి తిండి తినుదాని కంటె దానికి నీరు తక్కువే చేరును. వ్యాధికి తిండియొక్కటే కారణము కాదనియు, బరువెక్కుట, కదలక పడియుండుట, బెదురు కూడ కారణములేననియు వైద్యుడు చెప్పెను. ఆయన మంచితనము వలన అట్లు చెప్పెనేమో. ఆ బరువును నేను పెట్టినదే.

ఎండు తిండి చెడ్డదని నేననుట లేదు. నేడును సింబయ్య దానిని తినుచున్నది. చేర్చు విధము తప్పినది. కొన్ని వారములు వైద్యుడు చెప్పిన ప్రత్యేకపు తిండి పెట్టి, ఆయన సరేయన్న పిమ్మట మరల మొదలుపెట్టితిమి. మొదటి రెండు దినములు నాలుగైదు పలుకులు మాత్రమే తడి తిండిలో కలిపితిని. పది దినములకు గాని నిర్ణయించిన కొలతకు రాలేదు. 25 గ్రాముల పలుకులలోనున్న బలము రమారమి 100 గ్రాముల తడి తిండిలోని బలమునకు సమానము. కావున ఒకటి చేర్చినప్పుడు రెండవది తగ్గింపవలెను. చేర్చుటయే గాని తగ్గించుట తెలియక పిల్లులను పీపాలు చేయువారే యెక్కువ. ఇప్పుడు ఉదయము 15, రాత్రి 15 గ్రాములు కొలిచి పెట్టుచున్నాను. మా యింట బంగారమైన నింత జాగ్రత్తగా తూచలేదని మా యింటిది అనును.

ఆ పలుకులమీద కోడిమాంసము ఉడికించిన నీరు నాలుగు చెంచాలు పోయుదును. మాంసమును ఉడికించినప్పుడు టారిన్ కొంత ఆ నీటిలోనికి దిగును. పారబోసినచో అదియును పోవును. ఉప్పు, కారము, ముఖ్యముగ ఉల్లి, వెల్లుల్లి తగులరాదు. ఉల్లి పిల్లి రక్తమును విరుచును. పచ్చి మాంసము మానివేసితిని, చెరువు చేప కూడ పచ్చిది పెట్టను. గండుమీను జాతి చేపలు కొన్నింటిలో 'బి' విటమినులలో నొకదానిని చెఱచు గుణమున్నది. ఉడికించినచో ఆ గుణము పోవును. తడిపిన పలుకులను మన యెండలలో గంటకు పైగా ఉంచరాదు, పులియును. ఎండు తిండి వలన పండ్లు శుభ్రపడునని సంచిమీది బొమ్మ చూచి నేనును నమ్మితిని. పిల్లి పలుకును పుటుక్కున విరిచి మ్రింగును గాని నమలదు, మామూలు పలుకుల వలన ఆ లాభము స్వల్పము.

మరియొక మాట ముఖ్యము. "ఆకలి వేసిన అదే తినును, రెండు దినములు మాడ్చుము" అని మనవారు చెప్పుదురు. ఎద్దు విషయములో నేమో గాని పిల్లి విషయములో నిది ప్రమాదము. లావైన పిల్లి రెండు మూడు దినములు తినకపోయినచో దాని క్రొవ్వు కాలేయములో పేరుకొని ప్రాణము మీదికి వచ్చును. క్రొత్త తిండి ముట్టకున్నచో పాతదే పెట్టి, రేపు మరల చూడవలెను.

సంచి మూతి బిగించి డబ్బాలో పెట్టుకొనవలెను. మా సీమలో వానకాలమున మూడు దినములు తెరచియుంచిన పలుకులకు బూజు పట్టును. ఆ బూజు వేరుసెనగకు పట్టునట్టి విషపు బూజు కావచ్చును. చీమల కొరకు పళ్లెరమును నీళ్ల తట్టలో పెట్టుట మన ఆడవారికి నేర్పనక్కరలేదు. ఇందొక చిత్రము జరిగినది. సింబయ్య తన గిన్నెలోని నీరు ముట్టక ఆ తట్టలోని నీటినే ఇష్టముగ త్రాగుచుండెను. వెడల్పుపాటి గిన్నెలో మీసములు అంచునకు తగులవనియు, కొన్ని పిల్లులు అట్టిదే కోరుననియు వైద్యుడు చెప్పెను. ఇప్పుడు ఇంటిలో నాలుగు చోట్ల అట్టి తట్టలు పెట్టి దినమునకు రెండుమారులు నీరు మార్చుచున్నాము.

మనుమరాలు సెలవులకు వచ్చునని వ్రాసినది. మరల పచ్చి మాంసము పెట్టవలెనని ఆమె పట్టు. నేను ఒప్పుకొనలేదు. పిల్లి ఆమెది, గొట్టము వేయించినవాడను నేను. ఆ తగవు ఆమె వచ్చిన పిమ్మట తేలవలెను. ఈలోపల ఇసుక తొట్టిలో తడిసిన గడ్డలు దినమునకు ఎన్నియో ప్రతి ఉదయము లెక్కించి గోడమీది పంచాంగపు కాగితముపై వ్రాయుచున్నాను. నిన్న మూడు.