సోమవారం మాట్నీ తీర్పు



ఈ సభలో మనం తలుచుకుంటున్న మాస్టారు చాలా ఏళ్లపాటు నాటక పరిషత్తు పోటీలకు న్యాయనిర్ణేతగా వెళ్లారు. ఆయన వెంట సంచి మోసుకుంటూ తిరిగినవాణ్ణి నేను. పోటీ జరుగుతున్నంతసేపూ ఆయన ఒళ్లో రెండు కాగితాలుండేవి. ఒకటి నిర్వాహకులిచ్చిన మార్కుల షీటు, రెండోది ఆయన సొంత రూళ్ల కాగితం. ఏ సన్నివేశంలో జనం కుర్చీల్లో కదిలారు, ఏ మాట వెనక వరుసకు అందలేదు, ఏ నటుడు ఎదుటివాడి మాట వినకుండానే జవాబు చెప్పాడు, ఇవన్నీ అందులో రాసుకునేవారు. షీటు పరిషత్తుకు ఇచ్చేసి, రూళ్ల కాగితం పట్టుకుని గ్రీన్ రూమ్‌కు నడిచేవారు. బహుమతి రాని నాటక సమాజం దగ్గరికే ముందు వెళ్లేవారు.

ఈరోజు నేను మాట్లాడబోయేది అలాంటి కాగితాల గురించే. అవి వందేళ్ల కిందట అమెరికాలో వాడవిల్ థియేటర్ల మేనేజర్లు రాసినవి. చాలా జాగ్రత్తగా రాశారు. కానీ అవి గ్రీన్ రూమ్ వైపు వెళ్లలేదు.

వాడవిల్ అంటే ఒకే టికెట్టు మీద పాట, నాట్యం, హాస్యం, గారడీ, సర్కస్ ఫీట్లు, చిన్న నాటిక వరసగా చూపించే ప్రదర్శన. అంతకుముందు ఇలాంటి వెరైటీ ఐటెమ్‌లు మగవాళ్లు తాగుతూ చూసే హాళ్లలో నడిచేవి. న్యూయార్క్‌లో టోనీ పాస్టర్ 1881లో 14వ వీధిలో థియేటర్ తెరిచి, ఆడవాళ్లు, పిల్లలు కూడా కూర్చుని చూడగల వినోదం ఇవ్వాలని పూనుకున్నాడు. బోస్టన్‌లో 1883లో చిన్న మ్యూజియంతో మొదలుపెట్టిన బి. ఎఫ్. కీత్, 1885లో పొద్దుటి నుంచి రాత్రి దాకా ఆగకుండా నడిచే ప్రదర్శన ప్రవేశపెట్టాడు. ఎడ్వర్డ్ ఆల్బీ తోడయ్యాక ఆ వ్యాపారం ఊరూరా థియేటర్ల గొలుసుగా పెరిగింది. కీత్ స్టేజి మీద బూతుకే కాదు, కాస్త మోటుగా వినిపించే వాడుక మాటలకు కూడా చోటు లేదు. అందుకే కళాకారులు దాన్ని ‘సండే స్కూల్ సర్క్యూట్’ అని పిలిచేవారు.

ఈ గొలుసులో ముఖ్యమైన రోజు సోమవారం. కొత్త బృందాలు పొద్దున్నే థియేటర్‌కు చేరి, తమ పాటల నొటేషన్ వాద్యబృందం చేతికిచ్చి, ఒక్కసారి రిహార్సల్ చూసుకునేవి. మధ్యాహ్నం మాట్నీ. మేనేజరు హాల్లో కూర్చుని ప్రతి ఐటెమ్‌నూ చూసేవాడు. ఎన్ని నిమిషాలు నడిచింది, ముందు తెర దగ్గర ఆడారా, స్టేజి మొత్తం వాడారా, చప్పట్లు ఎలా పడ్డాయి, ఏ ముక్క తీసేయించాలి, అన్నీ రాసి కేంద్ర కార్యాలయానికి పంపేవాడు. 1902 నుంచి ఇలా రాసిన నివేదికల పుస్తకాలు ఇప్పటికీ అయోవా విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో ఉన్నాయి. రంగస్థల చరిత్రకారులకు అవి పెన్నిధి. ఒక మామూలు సోమవారం జనం దేనికి నవ్వారో అంత దగ్గరగా చెప్పే ఆధారాలు అరుదు.

ఆ తీర్పులో నిజమైన నేర్పు ఉంది. వాడవిల్‌లో ఐటెమ్‌ల వరస అల్లడమే ఒక శాస్త్రం. న్యూయార్క్ ప్యాలెస్ థియేటర్‌కు బుకింగ్ చేసిన జార్జ్ గాట్‌లీబ్ తొమ్మిది ఐటెమ్‌ల వరస ఎలా కూర్చాలో వివరించాడు. మొదటిది మాటలు లేనిది కావాలి. జంతువులో, ఫీట్లో అయితే ఆలస్యంగా వచ్చేవాళ్ల అడుగుల చప్పుడుకు చెడదు. రెండోది ముందు తెర దగ్గర పాట. వెనక నాటికకు సెట్టింగ్ సిద్ధం చేసుకోవచ్చు. అయిదోది విశ్రాంతికి ముందు, జనం బయటికెళ్లి చెప్పుకునేంత గట్టిది. అసలైన తార ఎనిమిదో చోటున. తొమ్మిదోది కంటికి ఇంపుగా ఉంటే చాలు, అప్పటికే జనం లేచిపోతుంటారు. మన పద్యనాటకాల్లోనూ వెనక దర్బారు సెట్టింగ్ మారుతుండగా ముందు తెర దగ్గర హాస్యం నడిపించిన పెద్దలు ఇక్కడే ఉన్నారు. ఈ లెక్క వాళ్లకు వేరే చెప్పక్కర్లేదు.

కాబట్టి మంచి నిర్ణేత చప్పట్లు ఎంత పడ్డాయన్నది మాత్రమే చూస్తే చాలదు. చోటు వల్ల వచ్చిన లోపమా, పనిలో ఉన్న లోపమా అని విడదీయాలి. 1912లో ఒక అక్కాతమ్ముళ్ల జంట న్యూయార్క్‌లో ప్రాక్టర్స్ ఫిఫ్త్ అవెన్యూ థియేటర్‌లో నాట్యం చేసింది. వాళ్లకు దక్కింది మొదటి చోటు. సగం కుర్చీలు ఇంకా నిండలేదు. తొలి ఆట అయ్యాక చూస్తే వాళ్ల ఐటెమ్ రద్దయింది. తమ్ముడికి అప్పటికి పన్నెండేళ్లు. పేరు ఫ్రెడ్ ఆస్టేర్. తర్వాత ప్రపంచం నాట్యం అంటే ఏమిటో అతని కాళ్లలో చూసింది. ఆ సోమవారం తీర్పు అబద్ధమని నేను అనను. ఆ పిల్లలు ఆ రోజు మెప్పించి ఉండకపోవచ్చు. కానీ ఎందుకు మెప్పించలేదో, ఏం మార్చుకోవాలో కూర్చోబెట్టి చెప్పడానికి ఆ పద్ధతిలో చోటు లేదు.

చెప్పినవాళ్లు లేకపోలేదు. 1899లో మిన్నెసోటా రాష్ట్రం సెయింట్ పాల్‌లో మార్టిన్ బెక్ అనే నిర్వాహకుడు ఒక యువ ఐంద్రజాలికుణ్ణి చూశాడు. చిన్న చిన్న గారడీలు వదిలెయ్యమని, సంకెళ్లు విప్పుకునే విద్య మీదే నిలబడమని చెప్పి, తన సర్క్యూట్‌లో అవకాశమిచ్చాడు. ఆ యువకుడు హౌడినీ. తీర్పు నోరు తెరిచి మాట్లాడితే ఎంత మేలు జరుగుతుందో దీన్ని బట్టి తెలుస్తుంది.

మాట్లాడని తీర్పు మాత్రం అధికారంగా మారింది. 1906లో కీత్, ఆల్బీల గొలుసుకు కళాకారులను కుదిర్చే యునైటెడ్ బుకింగ్ ఆఫీసెస్ ఏర్పడింది. కళాకారుడి జీతంలో 5 శాతం దానికి పోయేది, మధ్యవర్తి వాటా వేరు. పోటీ థియేటర్‌లో ఆడితే ఇక్కడ తలుపులు మూసేవారు. 1900లోనే ‘వైట్ ర్యాట్స్’ పేరుతో సంఘం కట్టుకున్న కళాకారులు 1916-17లో సమ్మెకు దిగి ఓడిపోయారు. తన గురించి ఏం రాశారో తెలియనివాడు దానికి జవాబు ఎలా చెప్పగలడు?

ఇంకొక మాట కూడా ఈ సభలో చెప్పాలి. చప్పట్లు కొలిచారు సరే, ఎవరి చప్పట్లు? నల్లజాతి ప్రేక్షకులను చాలాచోట్ల పై గ్యాలరీకే పరిమితం చేశారు. బర్ట్ విలియమ్స్ అంతటి మహానటుడు, తాను నల్లజాతివాడై ఉండి కూడా, ముఖానికి మసి పూసుకునే స్టేజి ఎక్కాల్సి వచ్చింది. వలస వచ్చినవాళ్ల యాసనూ, నల్లవాళ్ల నడకనూ వెక్కిరించే ఐటెమ్‌లకు హాలు నవ్వింది. నవ్వు లెక్కకెక్కింది. ఆ నవ్వు ఎవరిని గుచ్చిందన్నది లెక్కకెక్కలేదు. ప్రేక్షకుడే దేవుడనే మాట మనమూ అంటాం. ఆ దేవుడి గుడిలోకి ఎవరిని రానిచ్చాం, ఎవరిని గడప బయట నిలబెట్టాం అని కూడా నిర్ణేత అడగాలి.

ప్యాలెస్ 1913 మార్చి 24న తెరుచుకుంది. 1932లో అక్కడ రోజుకు రెండాటల వాడవిల్ ఆగిపోయి సినిమా వచ్చింది. కళాకారులు రేడియోకు, వెండితెరకు వెళ్లిపోయారు. కాగితాలు మిగిలాయి. ఆ మాటలు ఎవరి గురించి రాశారో వాళ్లకు తప్ప, ఈరోజు పరిశోధకులందరికీ అందుబాటులో ఉన్నాయి.

ఒక పరిషత్తులో మా సమాజానికి ఏ బహుమతీ రాలేదు. అప్పుడు మాస్టారు గ్రీన్ రూమ్‌కు వచ్చారు. మేకప్ తుడుచుకుంటున్న నా పక్కన కూర్చుని, “అబ్బాయ్, మూడో సన్నివేశంలో నువ్వు తల్లితో మాట్లాడుతూ జడ్జీల బల్ల వైపు చూశావు. అమ్మ వైపు చూడు” అన్నారు. ఆ రూళ్ల కాగితం మా చేతికిచ్చి వెళ్లిపోయారు. తన దగ్గర నకలు ఉంచుకోలేదు. ఆ తర్వాత నేను ఏ పాత్ర వేసినా ఎదురుగా ఉన్న మనిషి ముఖమే చూశాను.

పరిషత్తుల నిర్వాహకులకు నా విన్నపం ఒక్కటే. ఫలితాలు ప్రకటించాక ఒక అరగంట కేటాయించండి. న్యాయనిర్ణేతలు తాము రాసుకున్నది పట్టుకుని గ్రీన్ రూమ్‌లోకి వెళ్లాలి. ముందు ఓడినవాళ్ల దగ్గరికి. మాస్టారి పేరు నిలబెట్టడానికి నాకు తెలిసిన దారి అదే.