సూది ఎక్కడ వేసుకుంటున్నాం?
(పూర్వ విద్యార్థుల స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగం)

 

ఇందాక భోజనాల దగ్గర చూశాను. మా బ్యాచ్‌లో బొబ్బట్టు వద్దన్నవాళ్లే ఎక్కువ. అందుకే బడి ముచ్చట్లు పక్కనపెట్టి, నా షుగర్ కథ చెబుతాను.

నేను ఇన్సులిన్ మొదలుపెట్టి తొమ్మిదేళ్లయింది. బొడ్డు పక్కన రోజూ ఒకేచోట వేసుకునేవాణ్ణి. అక్కడైతే నొప్పి తెలిసేది కాదు. కొన్నాళ్లకు అక్కడ మెత్తని గడ్డ లేచింది. షుగర్ దిగలేదు, మోతాదు పెరుగుతూ పోయింది. గడ్డ సంగతి నేనెవరికీ చెప్పలేదు. ఒకరోజు ఆళ్లగడ్డలో పెళ్లికి వెళ్లి, భోజనానికి ముందు అదే మోతాదు పొట్టకు రెండోవైపు వేసుకున్నాను. తిరుగు బస్సు నంద్యాల చేరకముందే చెమటలు, వణుకు, కళ్లు మసక. పక్కసీటు పెద్దమ్మ తన సంచిలోని లడ్డు తీసి, "తిను నాయనా" అని నోట్లో పెట్టింది. ఆమే లేకపోతే ఈరోజు ఈ మైకు ముందు నేను లేను.

కేసీ కాలువ కింద పనిచేసిన ఇంజనీరుని. ఒకే నీళ్లు నల్లరేగడిలో ఒక తీరుగా, ఎర్రనేలలో మరో తీరుగా ఇంకుతాయని తెలుసు. నా ఒంట్లోనూ అంతేనని తెలియలేదు.

మామూలు ఇన్సులిన్ అణువులు సీసాలో ఆరేసి గుంపుగా ఉంటాయి. చర్మం కింద విడిపోయాకే సన్నని రక్తనాళాల్లోకి బాగా చేరతాయి. పొట్ట దగ్గర ఇది త్వరగా జరుగుతుంది. చేతి దగ్గర కాస్త ఆలస్యం. తొడ, పిరుదుల దగ్గర ఇంకా నిదానం. కొత్తరకం ఇన్సులిన్లలో ఈ తేడా తక్కువ. తొడకు వేసుకొని వెంటనే సైకిల్ తొక్కినా, వేడినీళ్ల స్నానం చేసినా రక్తప్రసరణ పెరిగి ఇన్సులిన్ తొందరగా ఎక్కుతుంది. ఒకేచోట వేస్తుంటే అక్కడ కొవ్వు పేరుకుంటుంది. ఆ గడ్డలోంచి ఇన్సులిన్ ఒకరోజు ఎక్కుతుంది, ఒకరోజు ఎక్కదు. నేను పెంచుకున్న మోతాదంతా ఆ గడ్డకు సరిపడింది. మంచి చర్మంలో పడేసరికి ఒక్కసారిగా పనిచేసింది.

కాబట్టి బొడ్డు చుట్టూ 5 సెంటీమీటర్లు వదలండి. ప్రతిసారీ నిన్నటి చోటుకు కనీసం 1 సెంటీమీటరు జరగండి. గడ్డ నుంచి మంచిచోటికి మారేముందు డాక్టరును అడగండి, మోతాదు తగ్గించాల్సి రావచ్చు. జేబులో చక్కెర పొట్లం ఉంచుకోండి. షుగర్ పడిపోతే మూడు చెంచాలు తిని, 15 నిమిషాలకు మళ్లీ పరీక్ష చేసుకోండి.

ఒకేచోట చెరిపి చెరిపి రాస్తే కాగితం చిరుగుతుందిరా, పక్కకు జరిగి రాయమని మన లెక్కల సారు అనేవారు. నాకది ఇన్నేళ్లకు అర్థమైంది.

ఈ రాత్రి ఇంటికి వెళ్లాక పొట్ట తడిమి చూసుకోండి. గడ్డ తగిలితే నాలాగా దాచుకోకండి. వజ్రోత్సవానికి మనమంతా మళ్లీ ఇక్కడ కలవాలి.