గాంధీ రోడ్డు అంగళ్లు – మన బిడ్డల చదువులు

(సంఘం వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శి గారు మాకు ఇచ్చిన విషయం "విద్య యొక్క ఆవశ్యకత". ప్రతి ఏడూ ఇదే విషయం మీద ఎవరో ఒక మాస్టరు మాట్లాడడం, మీరు ఓపికగా వినడం ఆనవాయితీ అయిపోయింది. ఈ ఏడు వారి అనుమతితో బడి గురించి కాక అంగడి గురించి నాలుగు మాటలు మనవి చేసుకుంటాము. కారణం లేకపోలేదు. ఈ మధ్య మన స్కాలర్‌షిప్పు నిధి లెక్కలు సరిచూసే పని మాకు అప్పగించినారు. ఆ పుస్తకాల్లో "అంగళ్ల డబ్బాలు" అని ఒక పద్దు ఉంది. పాత పుస్తకాల్లో ఆ పద్దు పేజీ పొడుగునా ఉంటుంది. ఈ ఏటి పుస్తకంలో మూడు వరుసలతో ముగిసింది.

ఆ డబ్బాలంటే ఏమిటో ఇక్కడున్న చిన్న పిల్లలకు తెలియదు. తిరుపతిలో రైలు స్టేషను దగ్గరనుంచి గోవిందరాజస్వామి గుడి చుట్టుపక్కల వీధులు, గాంధీ రోడ్డు, తిలక్ రోడ్డు, వాటి పక్క సందులు - వీటిల్లో మనవాళ్ల అంగళ్లు, మనవాళ్లు కాకపోయినా మనవాళ్లలాంటి వాళ్ల అంగళ్లు ఉండేవి. గల్లాపెట్టె పక్కన ఒక డాల్డా డబ్బా, దాని మూతకు చీలిక. చిల్లర తిరిగి తీసుకునేటప్పుడు పావలానో అర్ధరూపాయో అందులో పడేది. శుక్రవారం మధ్యాహ్నం నమాజు ముగిసిన పిమ్మట ఇద్దరు సభ్యులు తిరిగి డబ్బాలు తెరిచేవారు. ఆ డబ్బుతో ఎంతమంది బిడ్డలకు నోటు పుస్తకాలు, పరీక్ష ఫీజులు కట్టినారో పాత సభ్యులకు తెలుసు. కట్టించుకున్న వారిలో మేమూ ఒకరము. చెప్పుకోవడానికి మాకు నామోషీ లేదు.

ఆ డబ్బాలకు టంకం వేసింది మా అబ్బా. గాంధీ రోడ్డులోంచి లోపలికి పోయే ఒక సందులో ఆయనకు ఆరడుగుల అంగడి. పంపు స్టవ్వులు, పెట్రోమాక్సు లైట్లు, టార్చిలైట్లు, తాళాలు, గొడుగులు బాగుచేసేవారు. పొద్దున్నే హోటళ్ల వాళ్లు స్టవ్వులు తెచ్చి వరుసలో పెట్టి పోయేవారు. తోలు వాషరుకు నూనె రాయడం, బర్నరు విప్పి మసి దులపడం, పిన్నుతో కన్నం దూయడం - ఇవన్నీ చూస్తూనే మేము ఎక్కాలు వల్లె వేసినాము. మంట నీలంగా వస్తే పని అయినట్టు, పచ్చగా వస్తే ఇంకా ఉన్నట్టు. కిరసనాయిలు వాసన మా పుస్తకాలకు కూడా పట్టి ఉండేది. బడిలో పక్కనున్న వాడు దూరం జరిగి కూర్చున్నది మాకు ఇంకా జ్ఞాపకం.

మా సందులో వరుసగా చెప్పమంటే ఇప్పటికీ చెప్పగలము. మొదట పరుపులు కుట్టే దూదేకుల వారి అంగడి, తర్వాత సైకిళ్లు గంటల లెక్కన బాడుగకిచ్చే అంగడి, తర్వాత కళాయి పోసే ముసలాయన, తర్వాత గాజుల అంగడి. మూలమీద ఒక శెట్టిగారి చిల్లర అంగడి. శెట్టిగారి ఖాతా పుస్తకంలో మా ఇంటికి ఒక పేజీ. నెల చివర రంజాను పడితే ఆయనే "సాయిబూ, సామాను తీసకపో, లెక్క పండగైనాక చూసుకుందాం" అనేవారు. స్టేషను బయట జట్కాలు నిలిచేవి, వాటిని తోలేవాళ్లలో చాలామంది మన పెద్దలే. యాత్రికుడు రైలు దిగి జట్కా ఎక్కి, చౌల్ట్రీలో దిగి, స్నానం చేసి, బజారులో గాజులూ, ఇత్తడి గిన్నెలూ, దేవుడి పటాలూ కొనుక్కుని పోయేవాడు. కొండ మీద దర్శనం వాళ్లది, కొండ కింద బతుకు అందరిదీ.

ఇది ఎంత నిజమో 2020 లో మనం కళ్లారా చూసినాము. ఆ ఏడు మార్చి 20 నుంచి కొండమీదికి భక్తులను అనుమతించలేదు. మళ్లీ బయటి భక్తులకు దర్శనం మొదలైంది జూన్ 11 న. ఆ మధ్య కాలంలో గాంధీ రోడ్డులో పట్టపగలు కుక్కలు పడుకున్నాయి. జూలైలో మళ్లీ ఊరంతా లాక్‌డౌను. దర్శనం ఆగితే మన సాయిబుల గల్లాలు కూడా ఆగుతాయి, ఈ ఊరి వ్యవహారమే అంత. ఆ రోజుల్లో ఎవరి ఇంట్లో పొయ్యి వెలిగిందీ అంటే, ఖాతా పుస్తకం ఇంకా ఉంచుకున్న చిల్లర అంగడికి దగ్గరగా ఉన్నవాళ్ల ఇంట్లో. కంప్యూటరు బిల్లు ఇచ్చే చోట అప్పు అనే మాటకు గడి లేదు కదా.

ఇక మార్పు ఎట్లా వచ్చిందో చెప్పాలి. ఎవరో పగబట్టి తెచ్చింది కాదు. 1999 లో దీపం పథకం కింద ప్రభుత్వం ఆడవాళ్ల పేరిట గ్యాసు కనెక్షన్లు ఇవ్వడం మొదలుపెట్టింది. మా ఇంటికీ గ్యాసు వచ్చింది. మా అమ్మీ కళ్లకు పొగ తప్పింది, మా అబ్బా చేతికి పని తప్పింది. రెండూ ఒకే సిలిండరు చేసిన పని. స్టీలు గిన్నెలు వచ్చి కళాయి ముసలాయన నిప్పు ఆరిపోయింది. ఆటోలు వచ్చి జట్కాలు పోయినాయి, గుర్రాలు ఏమైనాయో ఎవరూ అడగలేదు. ఫ్యాక్టరీ పరుపు వచ్చి దూదేకుల వారి దబ్బనం మూలపడింది. తర్వాత సందు మొదట్లో ఉన్న ఇండ్ల వారసులు పాత మిద్దెలు పడగొట్టి అంతస్తులు లేపినారు. కొత్త అంతస్తుకు కొత్త అడ్వాన్సు. ఆరడుగుల అంగడివాడు అంత ఎక్కడ తెస్తాడు? ఆ చోటికి మదరాసు, బెంగుళూరు కంపెనీల షోరూములు వచ్చినాయి.

2023 సెప్టెంబరు 18 న శ్రీనివాస సేతు పూర్తిగా తెరిచినారు. మొదట గరుడ వారధి అన్నారు గుర్తుందా, అదే. తిరుచానూరు రోడ్డునుంచి వచ్చే బండి లీలామహల్ సెంటరులో ఆగకుండా పైనుంచే కపిలతీర్థం వైపు పోతుంది. ట్రాఫిక్కు తగ్గిందని మేమూ సంతోషించినాము, బడికి పది నిమిషాలు ముందే చేరుతున్నాము. అయితే కింద పండ్ల బండి పెట్టుకున్న మా బంధువు ఒకాయన "వాళ్లు నన్ను చూడరు, నేను వాళ్ల టైర్ల చప్పుడు వింటా ఉండా" అన్నాడు. ఆ మాటకు మా దగ్గర జవాబు లేదు.

బోర్డుల సంగతి కూడా చెప్పి తీరాలి, ఉర్దూ మాస్టరుగా అది మా బాధ. 2022 మార్చిలో ఉర్దూను రాష్ట్రమంతటా రెండవ అధికార భాషగా చేస్తూ చట్టం వచ్చింది. అంతకు ముందు కొన్ని జిల్లాలకే ఉండేది. అదే ఏడు ఏప్రిల్ 4 న తిరుపతి వేరే జిల్లా అయింది. అంగళ్లవాళ్లంతా బోర్డు మీద "చిత్తూరు జిల్లా" తీసి "తిరుపతి జిల్లా" అని మార్పించుకున్నారు. సందు దొరికింది కదా అని మేము నాలుగైదు అంగళ్లు తిరిగి ఉర్దూలో కూడా ఒక వరుస వేయించండి అన్నాము. ఇద్దరు సరే అన్నారు. పూర్వం కుంచె పట్టుకుని రాసే పెయింటరు ఉండేవాడు, ఉర్దూ రాకపోయినా మనం రాసిచ్చింది చూసి గీసేవాడు. ఇప్పుడు ఫ్లెక్సీ. ఆ కంప్యూటరులో అక్షరాలు ఒకదానికొకటి కలవక, ఎడమనుంచి కుడికి తిరగబడి అచ్చయినాయి. అంగడి పేరు చదివితే అర్థం లేని మాట. ఆ ఫ్లెక్సీ ఇప్పటికీ కట్టే ఉంది, తప్పని మాకొక్కరికే తెలుసు గాబోలు.

ఇంతవరకు విన్నవారు, మాస్టరు పాతకాలాన్ని తలచుకుని ఏడుస్తున్నాడు అనుకుంటారు. అందుకే ఈ రెండో మాట. మా అబ్బా అంగడి నడిచిన రోజుల్లో మా అన్న ఏడో తరగతిలో బడి మానినాడు. లెక్కల్లో మాకంటే చురుకు. పని పెరిగింది, రెండో చేయి కావాలి, అంతే. ఎవరూ కొట్టలేదు, తిట్టలేదు. ఒక సోమవారం వాడు బడికి రాలేదు. మేము ఆ ఏడు ఐదో తరగతి. ఇద్దరిలో ఒకరు చదవాలంటే ఒకరు చదవకూడదు అని ఆ అంగడి లెక్క. మేము ఈ వేదిక మీద మాట్లాడుతున్నది వాడు బర్నర్లు కడిగిన పుణ్యం. మన వీధిలో ఒక్కొక్క అంగడి వెనుక ఇట్లాంటి పిల్లవాడు ఒకడు ఉండేవాడు. అతను కనిపించడు, చాయ్ తెచ్చేవాడుగా కనిపిస్తాడు. కాబట్టి ఆ అంగళ్లు పోయినాయి అని వట్టిగా దుఃఖించడం మా నోటికి రాదు.

2006 లో వచ్చిన సచార్ కమిటీ నివేదిక, పట్టణాల్లో పనిచేసుకునే మన వాళ్లలో సగానికి మించి ఎవరి పని వారు చేసుకుని బతికేవారే అని చెప్పింది. అంటే మెయిన్ రోడ్డు మారితే అందరికీ తగిలే దెబ్బ మనకు ఇంకొంచెం గట్టిగా తగులుతుంది. 2007 లో వచ్చిన బి.సి.-ఇ రిజర్వేషన్ చట్టం జాబితా తెరిచి చూడండి. అత్తరు సాయిబులు, ధోబీ ముస్లింలు, హజాములు, ఖురేషీలు, రాతిపని చేసే తురకకాశ వారు - చదువుతుంటే పాత బజారులో నడిచినట్టే ఉంటుంది. దూదేకుల వారు అంతకు ముందునుంచే బి.సి.-బి లో ఉన్నారు. ఆ 4 శాతం మీద కోర్టుల్లో వాదాలు నడిచి, 2010 మార్చిలో సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వుతో కొనసాగింది. అంగడి పేరే సర్టిఫికెట్టు అయి, ఆ సర్టిఫికెట్టుతో అంగడి వాడి కూతురు ఇంజనీరింగు కాలేజీకి పోయింది. ఇది కూడా ఈ వీధి కథే.

డబ్బా పెట్టమని అడగడానికి మేము మొన్న ఒక పెద్ద షోరూముకు పోయినాము. పేరు ఎందుకు లెండి. తలుపు తీసిన కుర్రవాడు సలాం పెట్టి "సార్, నేను మీ స్టూడెంటుని" అన్నాడు. గుర్తుపట్టినాము, వెనక బెంచీవాడు. మేనేజరు మర్యాదస్తుడే, నీళ్లిచ్చి, "మాస్టారూ, గల్లా దగ్గర గుండుసూది పెట్టాలన్నా హెడ్డాఫీసు పర్మిషను కావాలి" అన్నాడు. ఆయన తప్పు లేదు, ఆ గల్లా ఆయనది కాదు. కిందికి దిగేటప్పుడు ఆ కుర్రవాడిని, పొద్దస్తమానం నిలబడే ఉంటావా అని అడిగినాము. "నిలబడాల్సిందే సార్. కానీ పీఎఫ్ ఉంది. మా నాయన అంగట్లో నలభై ఏండ్లు కూర్చున్నా అది రాలేదు" అన్నాడు. మెట్ల మీద మేము చాలాసేపు ఆ మాటే ఆలోచించినాము.

డబ్బా ఖాళీ కావడానికి ఇంకొక కారణం కూడా ఉంది. ఫోను చూపించి డబ్బు కట్టే కాలంలో చిల్లర ఎక్కడిది? ఒక్క 2016 నవంబరు 8 తర్వాత మాత్రం డబ్బాలు ఎన్నడూ లేనంత ఉదారంగా నిండినాయి, తెరిచి చూస్తే అన్నీ చెల్లని ఐదు వందల నోట్లు. డిసెంబరు 30 లోగా వాటిని బ్యాంకులో కట్టడానికి అప్పటి కోశాధికారి గారు ఎన్ని రోజులు క్యూలో నిలబడినారో వారే చెప్పాలి.

ఇప్పుడు పని మాట. తోపుడు బండ్లు, ఫుట్‌పాతు మీద అమ్మకాలు చేసుకునే సభ్యులు ఇక్కడ చాలామంది ఉన్నారు. 2014 లో వీధి వ్యాపారుల చట్టం వచ్చింది. దాని ప్రకారం ప్రతి ఊళ్లో టౌన్ వెండింగ్ కమిటీ ఉండాలి, అందులో 40 శాతానికి తక్కువ కాకుండా వీధి వ్యాపారుల ప్రతినిధులు ఉండాలి, ఆ ప్రతినిధుల్లో మూడో వంతు ఆడవాళ్లు ఉండాలి. సర్వే చేసి సర్టిఫికెట్టు ఇచ్చేదాకా ఎవరినీ లేపకూడదు. స్వనిధి అప్పు 2020 జూన్ లో మొదలైంది. అప్పుడు తొలి విడత 10 వేలు, 2025 లో దానిని 15 వేలు చేసినారు. సక్రమంగా కట్టినవారికి తర్వాత విడతలు పెరుగుతాయి. కాగితాలు నింపడం రాదు అని ఎవరూ వెనక్కి పోవద్దు. ఆదివారాలు పది గంటలనుంచి సంఘం ఆఫీసులో మేము, మా బడి మాస్టర్లు ఇద్దరు కూర్చుంటాము. ఆధారు, బ్యాంకు పుస్తకం తెచ్చుకోండి.

రెండవది. పిల్లలు సెలవుల్లో, బడి అయినాక తమ ఇంటి అంగట్లో కూర్చోవడాన్ని 2016 సవరణ చట్టం కూడా కాదనలేదు. లెక్కలు వస్తాయి, మాట తీరు వస్తుంది. బడి వేళలో కూర్చోబెడితే మాత్రం మేము మీ అంగడికి వస్తాము. కొనడానికి కాదు, తీసుకుపోవడానికి. ఈ ఏడు ఇప్పటికి ఇద్దరిని తెచ్చినాము, ఒకడు మళ్లీ పోయినాడు.

మూడవది, ఆ షోరూములో నిలబడే మన పిల్లల పేర్లు, ఫోను నంబర్లు రాసుకుంటున్నాము. అంగడి డబ్బా పెట్టుకోనంటే, జీతం అందుకున్న మనిషిని అడుగుతాము. మా వెనక బెంచీవాడు మొదటి పేరుగా తనది రాయమన్నాడు, నెలకు యాభై రూపాయలు.

మిగిలిన మూడు డబ్బాల్లో ఒకటి మా అన్న దగ్గర ఉంది. ఇప్పుడు ఆయన మిక్సీలు, గ్యాసు స్టవ్వులు బాగుచేస్తాడు. సందు మారింది, బాడుగ మారింది, డబ్బా మాత్రం అబ్బా టంకం వేసిందే. పోయిన శుక్రవారం మేము తెరవడానికి పోతే, చేతిలో పని ఆపకుండా "అరే మాస్టర్, మూత వదులైంది, ఇట్లియ్, టంకం వేసిస్తా" అన్నాడు. అది ఇంకా ఆయన దగ్గరే ఉంది. ఈ వారం తెచ్చుకోవాలి.