బడి మూసినా చేయి వదలరాదు
(వార్షిక సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

మన సమావేశాల్లో సాధారణంగా డి.ఏ. బకాయిలు, వైద్య బిల్లుల గురించే మాట్లాడుకుంటాం. ఈ రోజు మన ఇళ్ళలోను, మన వీధుల్లోను ఉన్న దివ్యాంగ బాలబాలికల చదువును గురించి నాలుగు మాటలు చెప్పడానికి అనుమతించవలసిందిగా కోరుతున్నాను.

2020 మార్చిలో కరోనా కారణంగా బడులు మూతపడ్డాయి. ఆ ఏడాది తెలంగాణలో సెప్టెంబరు 1 నుంచి దూరదర్శన్ యాదగిరి, టీ-శాట్ ద్వారా పాఠాలు ప్రసారమయ్యాయి. ఆంధ్రప్రదేశ్‌లో దూరదర్శన్ సప్తగిరిలో పాఠాలు వచ్చాయి. మంచి ఏర్పాటే. కాని కొందరు పిల్లలకు పక్కన మనిషి కూర్చుంటే తప్ప పాఠం అందదు.

చూపు లేని పిల్లవానికి బ్రెయిలీ చుక్కలు వేలు పట్టుకుని నేర్పాలి. వినికిడి లేని అమ్మాయి పెదవుల కదలిక చూసి మాట గ్రహిస్తుంటే, టి.వి.లో మాస్టారు బోర్డు వైపు తిరగగానే ఆమెకు పాఠం ఆగిపోతుంది. సెరిబ్రల్ పాల్సీ ఉన్న బిడ్డను సరిగా కూర్చోబెట్టడం, పెన్సిలు పట్టించడం కూడా చదువులో భాగమే. వ్యాయామం నెలల తరబడి ఆగితే కండరాలు బిగుసుకుపోతాయి. బుద్ధిమాంద్యం గల పిల్లలకు రోజువారీ అలవాటు తప్పితే నేర్చుకున్నది కూడా జారిపోవచ్చు.

మా వీధిలో మన సభ్యుడొకరి మనుమడు భవిత కేంద్రానికి వెళ్ళేవాడు. అది మూసిన తరువాత వ్యాయామాల భారం అమ్మమ్మ, తాతయ్యల మీద పడింది. ఫోనులో ఎంత వివరించినా వారికి అర్థం కాలేదు. ఒకనాడు టీచరమ్మ మాస్కు కట్టుకుని వచ్చి, వసారాలో అరగంట కూర్చుని, పిల్లవాని కాలు ఎలా పట్టుకోవాలో, ఎంతవరకు వంచాలో చేసి చూపించింది. నెల రోజుల ఫోన్లలో తెలియనిది ఆ అరగంటలో తెలిసిందని ఆ తాతగారే నాతో అన్నారు.

2020లో ఇంగ్లండులో బడులు మూసినప్పుడు, ప్రత్యేక విద్యా ప్రణాళిక ఉన్న పిల్లలకు బడికి వచ్చే వీలు ఉంచారు. మనలో చాలామంది పిల్లలు స్థిరపడిన కాలిఫోర్నియాలో 2020 ఆగస్టులో 14 మంది పిల్లలు, ఇద్దరు పెద్దలకు మించని చిన్న బృందాలుగా బడి ఆవరణలోనే సాయం అందించడానికి అనుమతించారు. రోగ భయం వారికీ ఉన్నది. అయినా దారి వెతికారు.

మన చట్టమూ తక్కువది కాదు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 31వ సెక్షన్ ప్రకారం 40 శాతం, అంతకు మించి వైకల్యం ఉన్న పిల్లలకు 6 నుంచి 18 ఏళ్ళ వరకు ఉచిత విద్య హక్కు. విపత్తుల వేళ దివ్యాంగులకు సమాన రక్షణ ఉండాలని 8వ సెక్షన్ చెబుతోంది. 2012లో విద్యాహక్కు చట్టాన్ని సవరించి, తీవ్ర వైకల్యం గల పిల్లలకు ఇంటి వద్దనే చదువుకునే హక్కు కల్పించారు. ఇంటి వద్ద చదువంటే ఇంటికి మనిషి రావాలి గదా!

ఇక మనం చేయగలిగినది. అర్జీ రాయడం మనకు వెన్నతో పెట్టిన విద్య. మన పేటలో ఇటువంటి పిల్లలెందరో జాబితా వేద్దాం. ధ్రువపత్రం లేనివారికి దరఖాస్తు నింపి పెడదాం. ఇంటికి టీచరును పంపమని మండల విద్యాధికారికి అర్జీ ఇచ్చి, నకలు మీద తారీఖుతో సంతకం తీసుకుందాం. ఓపిక ఉన్నవారు వారానికి రెండు గంటలు ఒక బిడ్డ పక్కన కూర్చుంటే తల్లికి కాస్త ఊపిరి పీల్చుకునే వీలుంటుంది.

వరదకో, వడగాడ్పులకో, మరో వ్యాధికో బడులు మళ్ళీ మూతపడవచ్చు. ఆనాడు ఏ బిడ్డ ఇంటికి ఎవరు వెళ్ళాలో ఈనాడే కాగితం మీద ఉండాలి. ఈ మేరకు తీర్మానం చేసి జిల్లా విద్యాధికారికి పంపవలసిందిగా ప్రతిపాదిస్తున్నాను.